పట్టాలు వేశారు, ఇక బండ్లు పంపండి

దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
రైల్ నిలయం, సికింద్రాబాద్.

అయ్యా,

కోరుట్ల నుంచి రాస్తున్నాను. ఈ ఉత్తరం తపాలాలో పంపినా మీకు చేరుతుంది. కానీ మా వైపు నుంచి వచ్చిన వినతిపత్రాలు మీ ఆఫీసులో ఇప్పటికే ఓ బీరువా నిండి ఉంటాయి. పత్రికలో వేస్తే మీతో పాటు మా వాళ్లూ చదువుతారు. నేను అడిగినదాంట్లో తప్పుంటే వాళ్లే దిద్దుతారు.

అడగదలచింది ముందే చెప్పేస్తాను. సిరిసిల్లకు పట్టాలు వస్తున్నాయి. వాటి మీద ఏ బండి నడుస్తుంది, ఎన్ని గంటలకు బయల్దేరుతుంది, ఎక్కడిదాకా పోతుంది అన్నది పట్టాలు పడకముందే తేల్చండి. జగిత్యాల, కోరుట్లల విషయంలో ఆ పని జరగలేదు. లైను పూర్తయింది, జెండా ఊపారు, ఫొటోలు దిగారు. ఎవరు ఎక్కుతారు, ఎక్కడికి పోతారు అన్న ప్రశ్న మాత్రం ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోయింది.

మాకు రైలు ఆలస్యం కావడం కొత్త కాదు. నిజాం కాలంలోనే పట్టాలు మమ్మల్ని రెండు పక్కల నుంచీ దాటిపోయాయి. పడమట మన్మాడ్ నుంచి నిజామాబాద్, కామారెడ్డి మీదుగా సికింద్రాబాద్‌కు గోదావరి లోయ మీటర్ గేజి లైను 1901 నాటికే నడిచింది. తూర్పున కాజీపేట–బల్లార్షా లైను 1929 నాటికి పూర్తయి, ఢిల్లీ–మద్రాసు బండ్లు పెద్దపల్లి మీదుగా ఉరికాయి. ఈ రెండింటి నడుమ మిగిలిపోయిన నేల మాది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, వేములవాడ, సిరిసిల్ల. మా కింద బొగ్గు లేదు. మా మీదుగా పోతే చేరే రాజధానీ లేదు. అప్పటి రైల్వే ఒక కంపెనీ కాబట్టి కంపెనీ లెక్కలే వేసుకుంది, అందులో తప్పు పట్టేదేం లేదు.

కానీ ఆ తర్వాత జరిగింది మీరు గుర్తు చేసుకోవాలి. 1930లో నిజాం ప్రభుత్వం ఆ కంపెనీ నుంచి రైల్వేను తన చేతిలోకి తీసుకుంది. 1932 జూన్‌లో అదే రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. ఇవాళ్టి మా ఆర్టీసీకి మూలం అదే. ఆర్టీసీ బండ్ల నంబర్లలోని జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని మా బస్టాండ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ముచ్చట ఎలా ఉన్నా, పట్టాలు లేని దారిలో పోయే మనిషి కూడా తన ప్రయాణికుడేనని ఒకప్పుడు రైల్వే అనుకుంది. ఇప్పుడు పట్టాలు ఉన్న దారిలో పోయే మనిషినే ఆర్టీసీకి వదిలేసింది.

పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు 1993లో పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా పునాది పడింది. ఆయన మా పాత కరీంనగర్ జిల్లా వాడే, వంగర మనిషి. దాదాపు 178 కిలోమీటర్లు. కరీంనగర్ దాటి జగిత్యాలకు పట్టాలు చేరేసరికి 2007 వచ్చింది. అక్కడి నుంచి కోరుట్ల పాతిక కిలోమీటర్లు. బస్సు ముప్పావు గంటలో పోయే దూరం. దానికి రైల్వే దాదాపు పదేళ్లు తీసుకుంది. 2017 మార్చిలో నిజామాబాద్ దాకా పూర్తయి బండి నడిచింది. ఇరవై నాలుగేళ్లన్నమాట. పునాది నాడు పుట్టిన పిల్ల, మొదటి బండి వచ్చేసరికి డిగ్రీ పూర్తి చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటోంది. ఆ పిల్ల ఇప్పటికీ బస్సులోనే వస్తుంది, పోతుంది.

ఈ ఆలస్యానికి మా దగ్గర ఇంకో గుర్తు ఉంది. నిజాం కాలంలో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టినప్పుడు జానకంపేట నుంచి బోధన్‌కు శాఖ లైను వేశారు. ఫ్యాక్టరీ ఉన్నచోటికి పట్టాలు పోవాలన్నది ఆనాటి తెలివి. అదే నిజాం షుగర్స్‌కు మా వైపు మెట్‌పల్లి దగ్గర ముత్యంపేటలో ఇంకో ఫ్యాక్టరీ ఉండేది. దానికి పట్టాల ముచ్చట లేదు. చెరుకంతా ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద, లారీల మీద పోయేది. సీజన్‌లో గేటు ముందు బండ్ల వరస ఎంత దూరం ఉండేదో ఆ ఊళ్లలో ఎవరినడిగినా చెప్తారు. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, మెదక్ వైపు ముంబోజిపల్లి, మూడూ ఒకేసారి లేఆఫ్ అయ్యాయి. ఆ వెనకే మెట్‌పల్లికి రైలు వచ్చింది. చెరుకు నిలిచిపోయాక పట్టాలు పడ్డాయి.

రైలు ముందే వచ్చి ఉంటే ఫ్యాక్టరీ బతికేదని నేను అనను. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయిన దగ్గర్నుంచి దాని కథ వేరే దారి పట్టింది. ఆ పంచాయితీ మీతో తేలేది కాదు. ఫ్యాక్టరీలు మళ్లీ తెరిపించే మార్గం చూడమని రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. తెరిస్తే, మెట్‌పల్లి స్టేషన్ నుంచి చక్కెర బస్తాలు ఎక్కించే ఏర్పాటు మీ చేతిలో ఉంటుంది. అప్పుడైనా ఫ్యాక్టరీ ముందు, పట్టాలు తర్వాత అనే వరస మళ్లీ రాకుండా చూడండి.

చెరుకు, రైలు అన్నాను కాబట్టి ఒక దూరపు సంగతి. 1903 నుంచి మద్రాసు ఓడల్లో ఫిజీకి కూలీలుగా పోయినవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ చక్కెర కంపెనీ చెరుకు మోయడానికి రెండడుగుల సన్న పట్టాలు వేసింది. ఆ పట్టాల మీదే జనం కోసం టికెట్టు లేని బండి కూడా నడిపింది, దశాబ్దాల పాటు. కూలీలను పిండుకున్న కంపెనీయే అది, దాని దయాగుణాన్ని నేను పొగడడం లేదు. సరుకు కోసం వేసిన పట్టాల మీద మనిషికీ చోటు దొరకవచ్చని ఫిజీలో తేలింది. మా లైను మీద రాత్రిళ్లు బొగ్గు గూడ్సులు బాగానే పోతాయి. మనిషి వంతు ఎప్పుడని అడుగుతున్నాను.

మనిషి ఎక్కడికి పోతాడో చెప్తాను. అది తెలియకుండా వేసే టైంటేబుల్ ఎంత చక్కగా అచ్చేసినా మాకు పనికిరాదు.

ముందు బొంబాయి. మీ కాగితాల్లో ముంబై, మా నోట్లో బొంబాయి. సిరిసిల్ల సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పని దొరకని రోజుల్లో పద్మశాలీ కుటుంబాలు భివండికి పోయాయి, ఇక్కడి పనినే అక్కడి మగ్గాల మీద చేశాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పల్లెల నుంచి బొంబాయి పోయినవాళ్లకు లెక్కే లేదు. అక్కడి నుంచి దుబాయి పోయినవాళ్లు ఇంకా ఎక్కువ. ఈ ఊళ్లలో బొంబాయి బస్సు అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. రాత్రంతా కూర్చుని, మర్నాడు సగం పొద్దు కూడా కూర్చుని పోయే ప్రయాణం అది. రైలు వస్తే ఈ బస్సు బాధ తప్పుతుందనుకున్నారు. కరీంనగర్ నుంచి కోరుట్ల, నిజామాబాద్ మీదుగా లోకమాన్య తిలక్ టెర్మినస్‌కు బండి వేశారు, సంతోషం. అది వారానికి ఒక్క రోజు. కళ్యాణ్‌లో దిగితే భివండి పక్కనే కాబట్టి దారి కూడా అచ్చం మాకు కావలసిందే. కానీ చావుకో, పెళ్లికో, ఆసుపత్రికో పోవలసినవాడు ఆ ఒక్క రోజు దాకా ఆగగలడా? ఆగడు, బస్సెక్కుతాడు. వారానికి ఒకసారి వచ్చే బండికి జనం అలవాటు పడరు, పడకపోతే బండి నిండదు. నిండలేదు కాబట్టి రోజూ వేయలేమని జవాబు వస్తుంది. ఈ వలయం ఎక్కడో ఒకచోట తెంపాలి, తెంపే కత్తి మీ దగ్గరే ఉంది. ఒక్కసారిగా రోజూ వద్దు, వారానికి మూడు రోజులతో మొదలుపెట్టండి.

తర్వాత హైదరాబాద్. జగిత్యాల నుంచి రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్లకు పైనే. రైలులో పోవాలంటే నిజామాబాద్ తిరిగి కామారెడ్డి మీదుగా పోవాలి, లేదా పెద్దపల్లి, కాజీపేట చుట్టి పోవాలి. రెండూ చుట్టుదారులే. మా పక్కింటి అవ్వ మాటల్లో చెప్పాలంటే, "రైలు ఉన్నది గని, మనం పోయే యాళ్లకు లేదు, మనం పోయే దిక్కుకు లేదు." ఆమె బీడీలు చుట్టి ముగ్గురు పిల్లలను చదివించింది. గంటల విలువ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ చుట్టుదారికి మందు మనోహరాబాద్–కొత్తపల్లి లైను. 151 కిలోమీటర్లు. 2006–07 బడ్జెట్‌లో మంజూరైంది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని పునాదిరాయి వేశారు. సిద్దిపేటకు బండి 2023 అక్టోబరు 3న మొదలైంది. అక్కడి నుంచి సిరిసిల్ల, వేములవాడ, బోయినపల్లి దాటి కొత్తపల్లిలో మా లైనును కలవాలి. మధ్య మానేరు నీళ్ల మీద పొడుగాటి వంతెన కట్టాలి, అది తేలిక పని కాదని తెలుసు. వంతెన కోసం ఎదురుచూడమంటే చూస్తాం. ఎదురుచూడడంలో మాకు ఇరవై నాలుగేళ్ల అనుభవం ఉంది.

సిద్దిపేట అనుభవం మాత్రం మమ్మల్ని భయపెడుతోంది. మొదట ప్రకటించిన వేళల్లో ఉదయం 6.45కు సిద్దిపేటలో బయల్దేరిన బండి 10.15కు సికింద్రాబాద్ చేరింది. మూడున్నర గంటలు. రాజీవ్ రహదారి మీద బస్సు అంతకంటే ముందే చేరుతుంది. పైగా 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. మా ఊళ్లలో ప్రయాణం చేసేవాళ్లలో సగం మంది వాళ్లే. అంటే ధర తక్కువ అన్న ఒక్క బలంతో రైలు ఇక్కడ గెలవలేదు. వేగంగా పోవాలి, లేదా పడుకుని పోయే రాత్రి బండి కావాలి, లేదా బస్సు పోని చోటికి పోవాలి. ఈ మూడింటిలో ఒక్కటీ లేని బండి ఖాళీగా తిరిగితే తప్పు జనానిది కాదు.

నష్టం అంటారేమో. ఆ మాట ఈ లైను దగ్గర చెల్లదు. భూమి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చింది. నిర్మాణ ఖర్చులో మూడో వంతు కూడా రాష్ట్రానిదే. బండ్లు నడిపితే మొదటి అయిదేళ్లు వచ్చే నష్టాన్నీ రాష్ట్రమే భరించాలన్న ఒప్పందం మీదే ఈ లైను కదిలింది. ఆ భూమిలో ఎవరి చెలకలు పోయాయో, ఆ మూడో వంతులో ఎవరి పన్నులున్నాయో వేరే చెప్పాలా? కొత్త బండి నిండుతుందో లేదో చూడడానికి ఇంతకంటే భరోసా ఉన్న లైను మీకు దొరకదు. ఆ అయిదేళ్లను రెండు డెమూ బండ్లతో గడిపేయకండి.

ఇప్పుడు అసలు మాట, మీ ఇంజనీర్లు కూడా చదవాలి. కొత్తపల్లిలో ఈ కొత్త లైను కలిసే చోట మలుపు కరీంనగర్ వైపే ఉంటే సరిపోదు, జగిత్యాల వైపు కూడా నేరుగా ఉండాలి. పెద్దపల్లిలో ఏమైందో మీకు తెలుసు. కాజీపేట నుంచి కరీంనగర్ పోయే బండి పెద్దపల్లిలో ఆగి, ఇంజిన్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు మార్చుకుని, వెనక్కి తిరిగి పోవలసి వచ్చేది. ఆ తిప్పలు తప్పించడానికి ఏళ్ల తర్వాత బైపాస్ లైను తలపెట్టారు. రెండు కిలోమీటర్లు కూడా లేని ముక్క. మొదటే వేసి ఉంటే అంత కాలం, అంత ఖర్చు ఎందుకయ్యేది? కొత్తపల్లిలో ఈ కొత్త లైను ఇంకా కలవలేదు కాబట్టి గీత గీసే దశలోనే జగిత్యాల వైపు మలుపు వేయండి. అది ఉంటే నిజామాబాద్ దిక్కు నుంచి కోరుట్ల, జగిత్యాల, వేములవాడ, సిరిసిల్ల, సిద్దిపేట మీదుగా సికింద్రాబాద్‌కు ఒకే బండి పోతుంది. అది లేకపోతే మా బండి ప్రతిసారీ కరీంనగర్ దాకా పోయి వెనక్కి రావాలి, జనం మళ్లీ బస్సెక్కాలి.

ఇక శంషాబాద్. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి నుంచి గల్ఫ్ పోయేవాళ్లంతా కార్లు మాట్లాడుకుని రాత్రంతా ప్రయాణం చేసి విమానాశ్రయం చేరుతారు. పంపడానికి పోయేవాళ్లతో కలిపి ఒక్కో బండిలో ఏడెనిమిది మంది. కాచిగూడ దాటితే ఉందానగర్ స్టేషన్ శంషాబాద్‌లోనే ఉంది. మా వైపు నుంచి రాత్రి బండి ఒకటి కాచిగూడ మీదుగా అక్కడిదాకా పోతే, స్టేషన్ నుంచి విమానాశ్రయానికి ఒక బస్సు చాలు. దీనికి కొత్తగా పట్టాలు వేయనక్కర్లేదు, కొత్త స్టేషన్ కట్టనక్కర్లేదు. దుబాయి నుంచి రెండేళ్లకోసారి వచ్చే మనిషికి ఇంటికి నేరుగా రైలు ఉందంటే ఆ బండి నిండుతుందో లేదో మీరే ఊహించండి.

సరుకు సంగతి పొడిగించను, మామిడి, పసుపు చాలు. జగిత్యాల మామిడి మార్కెట్ నుంచి ఎండాకాలం ఢిల్లీ వైపు లారీలు పోతూనే ఉంటాయి, దారిలో కాయ ఉడుకుతూనే ఉంటుంది. మీ జోన్‌లోనే 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీ ఆదర్శ్ నగర్‌కు కిసాన్ రైలు నడిచింది. ఆజాద్‌పూర్ మండీ ఆ స్టేషన్‌కు దగ్గర. మా జగిత్యాల స్టేషన్ నుంచి పెద్దపల్లి చేరితే అక్కడ ఢిల్లీ మెయిన్ లైనే ఉంది. మామిడి నెలల్లో పార్సిల్ వ్యాన్లు తగిలిస్తే ఏం కష్టం? పసుపు కూడా ఇంతే. మెట్‌పల్లి, ఆర్మూర్ రైతులు మంచి ధర కోసం మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా లారీల్లో కొమ్ములు మోసుకుపోతారు. నిజామాబాద్‌లో పసుపు బోర్డు వచ్చింది కాబట్టి ఆ బోర్డు వాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడండి.

జగిత్యాల స్టేషన్ పేరు లింగంపేట జగిత్యాల. పేరులోనే ఉంది, ఊరికి అవతల. ఆటో కిరాయి రైలు టికెట్టును మించితే ప్యాసింజర్ బండి ఎవరెక్కుతారు? సిరిసిల్లలోనూ, వేములవాడలోనూ స్టేషన్ ఎక్కడ పడుతుందో, బస్టాండుకు ఎంత దూరమో ముందే ఊరివాళ్లకు చెప్పండి. ఆర్టీసీతో మాట్లాడి బండి వేళకు బస్సు నిలిపే ఏర్పాటు చేయండి. ఆర్టీసీ మీ ఇంట్లో పుట్టిన సంస్థే, పిలిస్తే రాకపోదు.

సిరిసిల్లలో మా బావమరిది ఉన్నాడు, సాంచెల మీదే ముప్పై ఏళ్లు. దాదాపు ముప్పై వేల సాంచెలున్న ఊరు అది. నూలు బయటి నుంచి రావాలి, గుడ్డ బయటికి పోవాలి. ఈ ఉత్తరం రాస్తున్నానని చెప్తే నవ్వాడు. "బావా, లైను కంటె ముందుగాల టైంటేబుల్ అడుగుతున్నవా? పిల్ల పుట్టకముందే కుల్లకుట్టుడు గాదా?" అన్నాడు. కాదన్నాను. సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు నూలు ఎంత, భీములెన్ని, ఏ ఆసామికి ఎన్ని మీటర్లు అన్నది సాంచె ఆడించక ముందే లెక్క కట్టుకోలేదా అని అడిగాను. కాసేపు ఆగి, "గట్లయితే నూలు డబ్బాల ముచ్చట గూడ రాయి" అన్నాడు. రాశాను.

కాబట్టి, అయ్యా, మీ పెద్ద అధికారులను ఒకసారి సిరిసిల్లకు పంపండి. సాంచెల ఆసాములు, కార్మికులు, జగిత్యాల మామిడి వ్యాపారులు, కోరుట్ల, మెట్‌పల్లి పసుపు రైతులు, గల్ఫ్ కుటుంబాల వాళ్లు అంతా వస్తారు. కొత్తపల్లి మలుపు గీసిన మ్యాపు, ముసాయిదా టైంటేబుల్ గోడకు అతికించి, మాతో తప్పులు పట్టించండి. ఏ రోజైనా ఫరవాలేదు. సోమవారం మాత్రం పెట్టకండి. ఆ రోజు వేములవాడ రాజన్న దగ్గరికి జనం పోటెత్తుతారు, మీటింగుకు వచ్చేవాళ్లకు బస్సులో కాలు పెట్టే జాగ దొరకదు. రైలు ఇంకా రాలేదు కదా.

భవదీయుడు,
కోరుట్ల నుంచి ఒక ప్రయాణికుడు